తడిసిన ఆల్బమ్ నుంచి ఎల్ఈడీ వాల్ దాకా: ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఒక ఫొటో వీడియో

విజయవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న వీడియో మిక్సింగ్ సెటప్. ఒక గది, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్, ఒక ఫ్లాట్‌బెడ్ స్కానర్, ఒక డీఎస్ఎల్ఆర్. పెళ్లి వీడియోల మధ్యలో ఫొటోలతో వీడియో చేసి పెట్టమని వచ్చే పనులు చాలానే ఉంటాయి. షష్టిపూర్తి, రిటైర్మెంట్, సంవత్సరీకం, పదో తరగతి బ్యాచ్ కలయిక, ఇలాంటివి. ఈ లైన్లో చాలామంది వీటిని గంటలో అయిపోయే పనిగా చూస్తారు. నాకు మాత్రం ఇవే ఇష్టమైన పనులు. హాల్లో ఉన్నవాళ్లంతా ఒకేసారి తలెత్తి చూసేది, మొహాలు గుర్తుపట్టి పేర్లు పెట్టి పిలిచేది ఈ వీడియో నడిచేటప్పుడే. ఎవరి మొహం ఎంతసేపు కనబడాలి, ఎంతమేర కనబడాలి అన్నది జాగ్రత్తగా తేల్చుకుంటే చాలు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే పని అద్భుతంగా వస్తుంది. ఆ నమ్మకంతో చేసిన ఒక పని వివరాలు ఇవి. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయడం లేదు.

వచ్చిన పని

2025లో ఒక అమ్మాయి రెండు సంచులతో వచ్చింది. వాళ్ల అమ్మమ్మగారికి 80 దాటాయి, సహస్ర చంద్ర దర్శనం చేయిస్తున్నారు. సత్యనారాయణపురం వైపు ఒక కళ్యాణ మండపం మాట్లాడుకున్నారు, అక్కడ ఎల్ఈడీ వాల్ పెడుతున్నారు. పావుగంట వీడియో కావాలి.

సంచుల్లో ఉన్నవి చూశాక పని ఎంతదో అర్థమైంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో వాళ్ల కింది వాటా మునిగింది. మంచం కింద ట్రంకుపెట్టెలో పెట్టిన ఆల్బమ్‌లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక ఎండలో పెట్టారు. బురద గట్టిపడి, ఫొటోలు ఆల్బమ్ ప్లాస్టిక్ షీట్లకు అతుక్కుపోయాయి. పై వాటాలో అల్మరా మీద ఉన్న నెగటివ్‌ల కవర్లు మాత్రం పొడిగా మిగిలాయి.

“అంకుల్, ఎన్ని బాగుపడితే అన్నే పెట్టండి. అమ్మమ్మకి మాత్రం బాగుపడవని ముందే చెప్పొద్దు” అంది.

ఇంకో మాట కూడా అడిగింది. ఊళ్లలో ఉన్న బంధువుల దగ్గర ఇంకా ఫొటోలు ఉన్నాయట, అవి దొరికినప్పుడల్లా తనే వీడియోలో కలుపుకోవాలట. అంటే నేను వాడే సాఫ్ట్‌వేర్ వాళ్లింటి కంప్యూటర్‌లో కూడా పైసా ఖర్చు లేకుండా తెరుచుకోవాలి. ఈ ఒక్క కోరికతో నా దారి సగం తేలిపోయింది.

ముందు ఫొటోలు

ఫొటో కాగితం మీద బొమ్మ ఉండే పొర జెలటిన్. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పక్కన ఏది ఉంటే దానికి అంటుకుంటుంది. తడిగా ఉన్నప్పుడే శుభ్రమైన చన్నీళ్లలో మెల్లగా కడిగి, విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడన ఆరబెడితే చాలావరకు దక్కుతాయి. అంత తీరిక లేకపోతే జిప్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచినా చాలు, పాడవడం ఆగుతుంది, తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. కానీ ఆ రోజుల్లో ఆ వీధుల్లో కరెంటు లేదు, తాగే నీళ్లకే పడవల కోసం ఎదురుచూశారు. ఆల్బమ్‌లు ఎవరికి గుర్తొస్తాయి?

ఎండి అతుక్కున్న ప్లాస్టిక్ షీటును లాగితే బొమ్మ పొర దానితో పాటే ఊడి వచ్చేస్తుంది. అందుకని ఒక్క ఫొటో కూడా పీకలేదు. ప్లాస్టిక్ మీదుగానే కెమెరాతో తీశాను. కెమెరా నిలువుగా పైనుంచి, రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో ఒక్కో ఎల్ఈడీ లైటు, లెన్స్ చుట్టూ నల్లగుడ్డ. ఇలా తీస్తే ప్లాస్టిక్ మెరుపు దాదాపు పడదు. సిల్క్ పేపర్ మీద వేసిన పాత స్టూడియో ఫొటోలకు కూడా ఇదే పద్ధతి మంచిది. స్కానర్లో లైటు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి కాగితం మీది గరుకు చుక్కలుచుక్కలుగా తేలుతుంది. ముందు ఇలా కాపీ తీసుకుంటే, తర్వాత ఎవరైనా నిపుణులు ఆ షీట్లను విడదీసే ప్రయత్నం చేసి అది విఫలమైనా బొమ్మ మన దగ్గర ఉంటుంది.

మామూలుగా ఉన్న 4×6 ప్రింట్లను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేశాను, 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. 1960ల నాటి చిన్న చదరపు ఫొటోలు కొన్ని ఉన్నాయి. పెద్దావిడ తమ్ముడి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరా ఉండేదట, దానిలో 120 రోల్ వేస్తే 12 చదరపు బొమ్మలు వస్తాయి. రెండుంపావు అంగుళాల ప్రింట్లు కాబట్టి వాటిని 1200 డీపీఐలో చేశాను. నెగటివ్‌లకు ట్యాబ్ మీద తెల్ల స్క్రీన్ పెట్టి, స్క్రీన్ చుక్కలు పడకుండా కొంచెం ఎత్తులో నెగటివ్ బిగించి, మాక్రో లెన్స్‌తో తీశాను. ఆ నారింజ రంగు నెగటివ్‌ను మామూలు బొమ్మగా మార్చడానికి డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నెగడాక్టర్ మాడ్యూల్ ఉంది. ఆల్బమ్‌లో పూర్తిగా పోయిన కొన్ని ఫొటోలు ఇలా నెగటివ్ నుంచి కొత్తగా తిరిగొచ్చాయి.

1970లు, 80ల కలర్ ప్రింట్లు ఎర్రబారి ఉంటాయి. ఆ రోజుల కాగితాల్లో సయాన్ (పచ్చ కలిసిన నీలం) రంగు చీకట్లో ఉన్నా సరే ముందుగా వెలిసిపోతుంది, మిగిలిన రంగులతో ఫొటో అంతా ఎర్రగా కనిపిస్తుంది. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో లెవెల్స్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ విడిగా సర్దితే మొహాలు మొహాల్లా అవుతాయి. చీరల రంగు నాకెలా తెలుస్తుంది? పెద్దావిడకే ప్రింట్లు చూపించి అడిగాను. “ఎర్రది కాదు నాయనా, అది మెంతిరంగు పట్టుచీర. మా ఆడపడుచు పెళ్లికి కొన్నది” అన్నారు. అలా ఆవిడ చెప్పిన రంగు వచ్చేదాకా సర్దాను.

మసక మొహాలను పదునుపెట్టే ఏఐ టూల్స్ మాత్రం వాడలేదు. చూడ్డానికి మెరుస్తాయి గానీ, ఫొటోలో లేని కనుబొమ్మను, లేని పలువరుసను అవి పుట్టిస్తాయి. చనిపోయిన మనిషి మొహాన్ని ఆయన పిల్లల ముందు మార్చి చూపించే హక్కు నాకు లేదు. మసకగా ఉన్నా ఆయనే ఉండాలి.

బంధువుల నుంచి వాట్సాప్‌లో వచ్చినవి ఇంకో తలనొప్పి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరకు తెస్తుంది, తీసిన తేదీ వివరాలు కూడా తీసేస్తుంది. అందుకని అందరికీ ఒకే మెసేజ్ పెట్టించాను: “ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.” ఐఫోన్ వాళ్లవి హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో వచ్చాయి, వాటిని జేపీజీలోకి మార్చుకున్నాను.

వరుస

స్కాన్ చేసిన ఫైళ్లన్నిటికీ స్కాన్ చేసిన తేదీయే ఉంటుంది. కాబట్టి ‘తేదీ ప్రకారం’ అని నొక్కితే ఏమీ రాదు. వరుస ఇంట్లోవాళ్లతో కూర్చునే తేల్చాలి. మన పెద్దవాళ్లు సంవత్సరం అంకెల్లో చెప్పరు, సంఘటనతో చెబుతారు. “ఇది ఉప్పెన ముందు” అంటే 1977 నవంబరు కన్నా వెనక. కృష్ణా పుష్కరాల ఫొటో ఒకటుంది, ఘాట్ మెట్ల మీద అందరూ తడిబట్టలతో ఉన్నారు. పుష్కరాలు 1980, 1992, 2004, 2016ల్లో వచ్చాయి. పెద్దావిడ చంకలో ఉన్న పాప రెండో మనవరాలని తేలగానే అది 1992దని ఖాయమైంది. ఇలా ఒక్కో ఫొటోకీ ఒక మాట దొరికింది, ఆ మాటలే తర్వాత స్క్రీన్ మీద క్యాప్షన్లయ్యాయి.

ఫైళ్లకు 010, 020, 030 అని పదేసి ఎడంతో నంబర్లు పెట్టాను. మధ్యలో ఇంకో ఫొటో వస్తే 025 అని పెడితే సరిపోతుంది, మొత్తం తిరగ రాయక్కర్లేదు. ఫంక్షన్ ముందురోజు దాకా ఎవరో ఒకరు ఫొటో పంపుతూనే ఉంటారు కాబట్టి ఈ అలవాటు చాలా మేలు చేస్తుంది. దాదాపు 300 ఫొటోల్లో 140 ఉంచాం.

ఏ సాఫ్ట్‌వేర్

ఒకప్పుడు ఈ పనికి అందరికీ తెలిసినవి విండోస్ మూవీ మేకర్, పికాసా. పికాసాను గూగుల్ 2016లో ఆపేసింది, మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. ఇప్పటికీ వాటి పేర్లతో ఏవేవో డౌన్‌లోడ్ పేజీలు కనబడతాయి, అవి ముట్టుకోవద్దు. ‘ఫ్రీ’ అని రాసుకున్న స్లైడ్‌షో సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటిది ఒకటే తంతు: పని అంతా చేయనిచ్చి, చివర్లో వీడియో మీద వాటర్‌మార్క్ వేస్తాయి, తీయాలంటే డబ్బు కట్టమంటాయి. కొన్ని సొంతానికి ఉచితం గానీ మనలా డబ్బు తీసుకుని చేసే పనికి లైసెన్సు కొనాలి. ఫొటోలు చూసుకునే ఇర్ఫాన్‌వ్యూ అలాంటిదే. మంచి సాఫ్ట్‌వేరే, కానీ స్టూడియోలో వాడాలంటే కొనుక్కోవాలి. దాని బదులు నేను డిజిక్యామ్ వాడతాను, పేర్లు మార్చడం, రేటింగ్ ఇచ్చి ఏరడం అన్నీ అందులోనే.

వీడియోకి చూసినవి ఇవి. ఫొటోఫిల్మ్‌స్ట్రిప్: ఫొటోలు వేస్తే ఒక్కోదాని మీదా మెల్లగా కదిలే కెమెరా కదలికను తనే పెడుతుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మనం మార్చుకోవచ్చు. ఫొటోలూ ఒక పాటా తప్ప ఇంకేమీ లేని వీడియోకి చాలా హాయి. ఓపెన్‌షాట్: ఫొటోలన్నీ ఒకేసారి టైమ్‌లైన్ మీద వేసేటప్పుడే ఎన్ని సెకన్లు, ఫేడ్ ఉండాలా, జూమ్ ఉండాలా అని అడుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను దీన్నే చెబుతాను. కేడెన్‌లైవ్‌లో ఒక ఫోల్డర్ మొత్తాన్ని ఒకే స్లైడ్‌షో క్లిప్‌గా తీసుకునే వీలుంది, కానీ అలా తీసుకుంటే అన్నిటికీ ఒకే నిడివి. విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ కూడా 1080పీ వీడియో ఉచితంగానే ఇస్తుంది, అయితే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి.

నేను షాట్‌కట్ తీసుకున్నాను. దానిది ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు, డబ్బు తీసుకుని చేసే పనికి కూడా అడ్డులేదు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ప్లేలిస్ట్‌లో ఫొటోలు ఎంచుకుని స్లైడ్‌షోకు కలపమంటే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఒక్కో ఫొటో ఎంతసేపు, స్క్రీన్‌కి సరిపోని ఫొటోను కత్తిరించాలా లేక పక్కన నలుపు పెట్టాలా, జూమ్ ఎంత శాతం, ట్రాన్సిషన్ ఎంతసేపు అని అడుగుతుంది. ఆ తర్వాత అన్నీ విడివిడి క్లిప్పులుగా టైమ్‌లైన్ మీదకు వస్తాయి, ఒక్కోదాన్నీ మన చేత్తో సర్దుకోవచ్చు. నాకు కావలసింది సరిగ్గా ఆ చివరి సంగతే.

గోడ కొలత

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా కలిసొచ్చింది ఒక ఫోన్ కాల్. ఎల్ఈడీ వాల్ ఆపరేటర్‌కి చేసి, “వాల్ ఎంత, ఏ ప్యానెల్?” అని అడిగాను. “12 బై 8, పీ3” అన్నాడు.

12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అంటే 3:2. మనం మామూలుగా చేసే వీడియో 16:9. దాన్ని ఆ వాల్ నిండా సాగదీసి వేస్తే ఎత్తు 18 శాతానికి పైగా పెరుగుతుంది, మనుషులందరూ సన్నగా పొడుగ్గా అయిపోతారు. ఫంక్షన్లలో ఇది రోజూ చూస్తున్నాం, ఎవరూ పట్టించుకోరు. 80 ఏళ్ల మనిషి జ్ఞాపకాలను అలా సాగదీసి చూపించడం నాకు ఇష్టం లేదు.

ఇక పీ3 అంటే ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య 3 మిల్లీమీటర్లు. 12 అడుగులు అంటే సుమారు 3,660 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ వాల్ మీద అడ్డంగా ఉండేవి 1,220 చుక్కలు, నిలువుగా 810. అంటే 1080పీ వీడియోలోని చుక్కలు కూడా అన్నీ దాని మీద పట్టవు. “ఫోర్‌కేలో చేస్తున్నారా?” అని వాళ్ల పెద్దబ్బాయిగారు అడిగితే ఈ లెక్కే చూపించాను. ఆ సమయం ఫొటోల మీద పెట్టడం మేలని ఆయనే అన్నారు.

అదృష్టం ఏమిటంటే, 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేము 3:2. 4×6 ప్రింటు కూడా 3:2. అంటే మా దగ్గరున్న ఫొటోల్లో సగానికి పైగా ఆ గోడకి అతికినట్టు సరిపోతాయి. షాట్‌కట్‌లో వీడియో మోడ్ కస్టమ్‌లోకి వెళ్లి 1620×1080 అని కొత్తది చేసుకున్నాను. ల్యాప్‌టాప్ నుంచి వాల్‌కి వెళ్లే 1920×1080 బొమ్మలో ఆ 1620×1080 భాగాన్నే వాల్ మీదకు తీసుకోమని ఆపరేటర్‌కి చెప్పాను. వాల్ ప్రాసెసర్‌లో అది చిన్న సెట్టింగ్, చేయగలనన్నాడు.

మిగిలిన ఫొటోల సంగతి. ఇక్కడ చాలామంది ‘క్రాప్’ ఎంచుకుని ముందుకెళ్లిపోతారు. 16:9లో క్రాప్ చేస్తే చదరపు ఫొటోలో ఎత్తు 56 శాతమే మిగులుతుంది. 4×6 అడ్డ ఫొటోలో 16 శాతం పోతుంది, అంటే గ్రూప్ ఫొటోలో వెనక నిలబడ్డవాళ్ల తలలు, ముందు కింద కూర్చున్న పిల్లలు. నిలువు ఫొటోలో అయితే మిగిలేది మూడో వంతుకు కాస్త పైన. వెనక వరుసలో నిలబడేది ఎవరు? ఇంటి అల్లుళ్లు, దూరపు చుట్టాలు, పనిలో సాయానికొచ్చినవాళ్లు. వాళ్లు జీవితంలో ఆ ఒక్క ఫొటోలోనే ఉండి ఉండొచ్చు. కాబట్టి ఎక్కడా క్రాప్ లేదు, అన్నిటికీ ‘నలుపు నింపు’ పద్ధతే.

ఫొటో పక్కన ఖాళీలో అదే ఫొటోను మసకగా పెద్దదిగా పెట్టడం ఇప్పటి ఫ్యాషన్. ఫోన్లో బాగుంటుందేమో గానీ ఎల్ఈడీ వాల్ మీద వద్దు. ఆ వాల్ మీద నలుపు అంటే లైటు వెలగకపోవడమే. హాల్లో లైట్లు తగ్గిస్తే నల్ల భాగం కనబడనే కనబడదు, ఫొటో ఒక్కటే నిలబడినట్టు ఉంటుంది. మసక బొమ్మ పెడితే ఆ ఖాళీ అంతా వెలుగుతూ మొహాల నుంచి కంటిని లాగేస్తుంది.

ఎంతసేపు

సాఫ్ట్‌వేర్ అన్ని ఫొటోలకూ ఒకే నిడివి ఇస్తుంది. అది మార్చకపోతే వీడియో సగం చచ్చినట్టే. ఒక్క మనిషి ఉన్న ఫొటోను నాలుగు సెకన్లలో చూసేస్తాం. 30 మంది ఉన్న పెళ్లి గ్రూప్ ఫొటో వచ్చినప్పుడు హాల్లో ఏం జరుగుతుందో గమనించండి. ముందు పెళ్లికూతుర్ని వెతుకుతారు, తర్వాత తమను తాము వెతుక్కుంటారు, ఆ తర్వాత పోయినవాళ్లను వెతికి పక్కవాళ్లకు చూపిస్తారు. దానికి 14 సెకన్లు ఇవ్వాలి.

నా లెక్క ఇలా కుదిరింది: ఒకరిద్దరున్న ఫొటోలు 90, ఒక్కోటి ఐదు సెకన్లు. నలుగురి నుంచి పదిమంది దాకా ఉన్నవి 35, ఎనిమిదేసి సెకన్లు. పెద్ద గ్రూపులు 15, పద్నాలుగేసి సెకన్లు. మొత్తం 940 సెకన్లు, పావుగంట దాటి కొంచెం.

ట్రాన్సిషన్ ఈ లెక్కను తినేస్తుందని గుర్తుపెట్టుకోవాలి. ఐదు సెకన్ల ఫొటోకి అటూ ఇటూ ఒక్కో సెకను డిజాల్వ్ (ఒక ఫొటో కరుగుతూ ఇంకోటి తేలడం) పెడితే, ఫొటో స్పష్టంగా కనబడేది మూడు సెకన్లే. అందుకని చాలాచోట్ల నేరుగా కట్ పెట్టాను. ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లేటప్పుడు మాత్రమే, అంటే పుట్టిల్లు, పెళ్లి, రైల్వే క్వార్టర్స్, సొంత ఇల్లు, ఇలా మారేచోట మాత్రమే ఒక సెకను డిజాల్వ్. షాట్‌కట్‌లో ఒక క్లిప్‌ను పక్కదాని మీదకు లాగితే ట్రాన్సిషన్ అదే ఏర్పడుతుంది. రిపుల్ ఆన్ చేసి నిడివి మారిస్తే వెనకవన్నీ వాటంతట అవే జరుగుతాయి, మధ్యలో ఖాళీ మిగలదు. హృదయాలు, తిరిగే పేజీలు, మెరుపులు కావాలని వాళ్లింట్లో ఒకరు గట్టిగా అడిగారు. రెండు రకాలుగా ఒక్క నిమిషం చేసి చూపించాను, పెద్దావిడ ముందే. ఆవిడ మెరుపులు లేనిదానివైపే చూస్తూ ఉండిపోయారు, ఇక ఎవరూ అడగలేదు.

కదలిక విషయంలోనూ ఇంతే. జూమ్ ఐదు శాతం చాలు, అదీ ఒకరిద్దరున్న ఫొటోలకే. గ్రూప్ ఫొటో కదలకూడదు, వెతుక్కునే కంటికి ఫొటో నిలకడగా ఉండాలి. వీడియో సెకనుకి 30 ఫ్రేముల్లో చేశాను. ల్యాప్‌టాప్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారుతుంది, 30 అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు పడుతుంది. 25లో చేస్తే నెమ్మది జూమ్ కొంచెం కొంచెం ఆగి ఆగి సాగినట్టు ఉంటుంది.

తెలుగు అక్షరాలు

మన స్టూడియోల్లో ఇప్పటికీ ఫ్లెక్సీలకు, ఆల్బమ్‌లకు అను ఫాంట్లే నడుస్తున్నాయి. అన్ని సాఫ్ట్‌వేర్‌లూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో అవి ఉండవు. అక్కడ టైప్ చేసింది తెచ్చి షాట్‌కట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి: మండలి, రామభద్ర, గిడుగు, సురన్న, ఎన్టీఆర్. వీటిది ఓపెన్ ఫాంట్ లైసెన్సు, డబ్బు పనికి కూడా వాడుకోవచ్చు. నేను మండలి వాడాను, దూరం నుంచి తేలిగ్గా చదవొచ్చు.

తెలుగుకి కిందవైపు ఒత్తులుంటాయి. ఇంగ్లిష్ క్యాప్షన్‌కి పెట్టినట్టు స్క్రీన్ అడుగుకి ఆనించి పెడితే, టీవీ బొమ్మను కొద్దిగా పెంచి చూపించినప్పుడు ముందు పోయేవి ఆ ఒత్తులే. “రామకృష్ణాపురం”లో ణకారం ఒత్తు పోతే ఊరి పేరే మారిపోతుంది. అడుగు నుంచి స్క్రీన్ ఎత్తులో పదో వంతు వదిలిపెట్టాను. అక్షరం ఎత్తు కనీసం ఇరవయ్యో వంతు ఉంటేనే వెనక వరుస వాళ్లు చదవగలరు. మాటలు తక్కువ: ఊరు, ఏడాది, లేదా వాళ్లు చెప్పిన ఆ ఒక్క మాట. “ఉప్పెన ముందు సంక్రాంతి” అన్న క్యాప్షన్‌కు ఏ సంవత్సరమూ సాటిరాదు.

పాట

వాళ్లు అడిగిన పాత సినిమా పాటలు హాల్లో వేసే కాపీలో పెట్టాను. యూట్యూబ్‌లో పెట్టే కాపీలో పెట్టలేదు, పెడితే పాటల హక్కులను చూసే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది. వీడియోకి ప్రాణం పోసింది మాత్రం పెద్దావిడ గొంతే. ఆవిడ పాడే మంగళహారతిని ఫ్యాన్ ఆపేసి ఫోన్లో రికార్డు చేయమని మనవరాలికి చెప్పాను. మిగిలిన చిన్న హోరును ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్‌తో తగ్గించాను. ముందు మాటల్లేని ఒక ముక్క చూపించి అదే హోరు అని చెప్పాలి, తర్వాత మొత్తం మీద తగ్గించమనాలి. ఎక్కువ తగ్గిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది, కాస్త హోరు మిగిలినా నష్టం లేదు. పెళ్లి ఫొటోల దగ్గర ఆ హారతి మొదలవుతుంది. యూట్యూబ్ కాపీలో అదీ, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని ఒక వాయిద్య సంగీతమూ, అంతే.

హాల్లో

ఎక్స్‌పోర్ట్ ఎంపీ4, హెచ్.264, ఆడియో ఏఏసీ, సుమారు 10 ఎంబీపీఎస్. ఫైలు ఒకటింపావు జీబీ లోపే వచ్చింది. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, ఇది దానికి చాలా తక్కువ. టీవీ కోసం వీడియో మోడ్ 16:9కి మార్చి ఇంకో కాపీ తీశాను. క్రాప్ ఎక్కడా లేదు కాబట్టి ఫొటోలు మళ్లీ సర్దాల్సిన పని పడలేదు, క్యాప్షన్ల చోటు ఒక్కటే చూసుకోవాల్సి వచ్చింది.

వాల్ కాపీ మొదట్లో పది సెకన్లు ఒక గీతల గళ్లు, మధ్యలో పెద్ద సున్నా, నాలుగు మూలలా నాలుగు గుర్తులు పెట్టాను. ఉదయం హాల్లో జనం రాకముందు దాన్ని వేసి చూశాం. సున్నా కోడిగుడ్డులా కనిపించింది, అంటే వాల్ ఇంకా సాగదీస్తోంది. ఆపరేటర్ సెట్టింగ్ మార్చాడు, సున్నా గుండ్రంగా అయింది, నాలుగు మూలలూ కనబడ్డాయి. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోల తెల్ల అంచులు కళ్లలోకి కొడుతున్నాయని వాల్ బ్రైట్‌నెస్ కూడా తగ్గించమన్నాను. ఆ పది సెకన్ల ముక్క నేను ఇప్పుడు ప్రతి పనికీ పెడుతున్నాను. ఆపరేటర్‌తో వాదించాల్సిన అవసరం ఉండదు, సున్నాయే చెబుతుంది.

వీడియో నడిచేటప్పుడు నేను వెనక వరుసల దగ్గర నిలబడి జనాన్నే చూశాను. 1962 పెళ్లి గ్రూప్ ఫొటో వచ్చినప్పుడు మొదటి ఐదారు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత వేళ్లు లేవడం మొదలైంది. వెనక వరుసలో ఎడమ పక్క చివర నిలబడ్డ సన్నటి అబ్బాయి ఎవరో ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు, మాతో కూర్చున్నప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. హాల్లో ఒక పెద్దాయన లేచి, “అది మా అన్నయ్య, సన్నాయి మేళంతో వచ్చాడు” అన్నారు. ఐదు సెకన్లకే ఆ ఫొటో వెళ్లిపోయి ఉంటే ఆయన చూపు అక్కడిదాకా చేరేది కాదు. క్రాప్ చేసి ఉంటే ఆ అబ్బాయి మొహమే ఉండేది కాదు.

అప్పగింత

మనవరాలికి ఒకే ఫోల్డర్ ఇచ్చాను: స్కాన్లు, సరిచేసిన ఫొటోలు, ఆడియో, ఫాంట్, షాట్‌కట్ ప్రాజెక్టు ఫైలు. ప్రాజెక్టు ఫైలులో ఫొటోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో మాత్రమే రాసి ఉంటుంది. కాబట్టి అన్నీ మొదటినుంచీ అదే ఫోల్డర్ కింద పెట్టి పని చేయాలి, లేకపోతే ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఫైళ్లు దొరకలేదంటుంది. ఫాంట్ ముందు ఇన్‌స్టాల్ చేసుకోమని, స్కాన్ల ఫోల్డర్‌ను ఇంకో హార్డ్ డిస్క్‌లో కూడా పెట్టి అది వేరే ఇంట్లో ఉంచమని చెప్పాను. ఫొటోలు అతుక్కున్న ఆల్బమ్ పేజీలు ఎండలో పెట్టకుండా, ఒక్కో పేజీ మధ్య బటర్ పేపర్ వేసి, పై వాటాలో గాలి తగిలేచోట ఉంచారు.

ఆ సన్నాయి అబ్బాయి క్యాప్షన్‌ను తనే టైప్ చేసి, 14 సెకన్లను 18 చేసి, కొత్త ఫైలు నాకు పంపింది. క్యాప్షన్ కింద పదో వంతు ఖాళీ వదిలింది.